కారం లేదని కాదు, చల్లారిందని అడగాలి

సంపాదకులకు నమస్కారం.

కాకినాడలో కొద్ది నెలల క్రితం తెరిచిన, ఇంగ్లండు పద్ధతిలో మాంసాహారం వండి వడ్డించే హోటలు గురించి మీ పత్రిక జిల్లా పేజీలో వచ్చిన కథనాన్నీ, ఆ తర్వాత రెండు వారాల పాటు పాఠకులు రాసిన ఉత్తరాలనూ శ్రద్ధగా చదివాను. అక్కడి రోస్టు, అంటే ఓవెన్‌లో పెద్ద ముక్కగా కాల్చిన మాంసం, నోట్లో వెన్నలా కరిగిందని ఒకరు రాస్తే, అది ఆసుపత్రిలో పెట్టే పథ్యపు కూడులా ఉందని మరొకరు రాశారు. కుటుంబమంతా తృప్తిగా తిని వచ్చామని ఒక గృహిణి రాస్తే, ఇంటికొచ్చి పెరుగన్నంలో ఆవకాయ నంజుకుంటే గాని ప్రాణం లేచిరాలేదని రామచంద్రపురం పాఠకుడొకరు వాపోయారు. వంటగది ఒకటే, వంటవాడు ఒకడే, ధరా ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎక్కడి నుంచి వస్తున్నదని మాత్రం ఎవరూ అడగలేదు. నాకు తెలిసినంతలో దానికి జవాబు రాస్తున్నాను.

ఈ విషయంలో మాట్లాడడానికి నాకున్న అర్హత ముందు చెప్పుకోవాలి. మాది తాళ్లరేవు. చెక్క ఓడల తయారీకి పేరుపడిన ఊరు గనుక ఇంటికొకరు సముద్రం మీదికి పోవడం మా వైపు వింత కాదు. నేను పోయింది వంటవాడిగా. 1984లో సెకండ్ కుక్‌గా ఓడ ఎక్కి, చీఫ్ కుక్‌గా 2009లో దిగాను. అందులో పదకొండేళ్లు, ఆఫీసర్లలో ఎక్కువమంది ఇంగ్లండు, స్కాట్లండు దేశస్థులైన సరకు ఓడల్లో పనిచేశాను. ఓడ ఏ సముద్రంలో ఉన్నా, ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నరకు రోస్టు బల్ల మీదికి రావలసిందే. బిస్కే అఖాతంలో ఓడ అటూ ఇటూ ఊగుతుంటే పొగలు కక్కే నూనె ట్రేలను ఓవెన్‌లోంచి తీసిన రోజుల గుర్తు నా ఎడమ ముంజేతి మీద ఇప్పటికీ ఉంది.

ఆ హోటలుకు నేను మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి ఒక ఆదివారం, నా భార్యతో, మనవడితో వెళ్లాను. ఒంటిగంట దాటిన పది నిమిషాలకు పళ్లెం వచ్చింది. గొర్రె తొడను పోగుకు అడ్డంగా, చిటికెన వేలిలో సగం మందాన కోసిన ముక్కలు, వాటి నడుమ లేత గులాబి రంగు, పక్కన అంచులు పెళపెళలాడే బంగాళాదుంపలు, ఉడికించిన క్యారెట్, పచ్చి బఠాణీ, గిన్నెలాగా పైకి పొంగిన యార్క్‌షైర్ పుడ్డింగు. పళ్లేన్ని ముందుకు లాక్కుందామని అంచు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. ఆ చురుకుతోనే వంటవాడి మీద నాకు గౌరవం కలిగింది, ఎందుకంటే వడ్డించే పళ్లేన్ని వేడిచేసి ఉంచడమనేది చూసేవాళ్లకు కనపడని పని, బద్ధకించేవాడు మొదట మానేసే పని. మా మనవడు పుడ్డింగు అంటే తియ్యగా ఉంటుందనుకుని కొరికి ముఖం ముడుచుకున్నాడు గాని, మాంసపు రసం దాంట్లో పోసి ఇస్తే రెండోది కూడా అడిగాడు.

రెండోసారి అమలాపురం నుంచి వచ్చిన మా బావగారిని వెంటబెట్టుకుని బుధవారం రాత్రి తొమ్మిదింటికి వెళ్లాను. అదే వంటకం తెప్పించాను. ఈసారి మాంసం బూడిద రంగులో ఉంది, అంచులు ఎండి పైకి లేచాయి, రసం మీద మీగడలాంటి పొర కట్టింది, పుడ్డింగు గాలి తీసిన బంతిలా ఉంది. మా తల మీదే ఏసీ గాలి. నాలుగు ముక్కలు తిన్నామో లేదో పెదవుల మీద మైనం పూసినట్టు కొవ్వు పేరుకుంది. మా బావగారు చేతిరుమాలుతో మూతి తుడుచుకుని, ‘బావగారూ, తమరు పాతికేళ్లు తెల్లవాళ్లకి వండిపెట్టింది ఇదేనాండీ? ఒక్కడూ తమర్ని సముద్రంలోకి తోసెయ్యలేదంటే, వాళ్లు మర్యాదస్తులేనండి’ అన్నారు. నా దగ్గర సమాధానం లేకపోయింది. పక్క బల్ల దగ్గర నలుగురు కుర్రాళ్లు కారం లేదని, మసాలా లేదని సర్వరుతో వాదులాడుతున్నారు. వాళ్లకు కలిగిన అసంతృప్తి నూటికి నూరుపాళ్లు న్యాయమైనది, కాని చెప్పిన కారణమే తప్పు. ఆదివారం మధ్యాహ్నం నేను తిన్నదాంట్లోనూ కారం లేదు.

గొర్రె కొవ్వు స్వభావం తెలిస్తే ఈ సంగతి బోధపడుతుంది. కోడి కొవ్వు చల్లారినా మెత్తగానే ఉంటుంది. గొర్రె కొవ్వు అలా కాదు, వేడి కాస్త తగ్గగానే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. మన ఇంట్లో మాంసం కూరలో మిగిలిన ఇగురు పొద్దున్నే చూస్తే పైన తెల్లగా పేరుకుని ఉండేది ఇదే. మన కూరల్లో కారమూ, పులుపూ, అల్లం వెల్లుల్లి ఘాటూ ఉంటాయి కాబట్టి ఆ కొవ్వు వాసన నోటికి అంతగా అడ్డు తగలదు. ఉప్పు, మిరియాలు, రోజ్‌మేరీ ఆకు తప్ప మరేమీ పడని రోస్టుకు అలాంటి ముసుగు లేదు. వేడిగా ఉంటే మాంసం రుచి అంతా నేరుగా నాలుకకు తగులుతుంది, చల్లారితే లోపాలన్నీ అంతే నేరుగా తగులుతాయి. ఈ వంటకు అందుకే గడియారమే మసాలా అని మా పాత కెప్టెన్ ఒకాయన అనేవాడు.

ఆ గడియారం ఎలా నడుస్తుందో కొంచెం వివరంగా చెబుతాను. తొడ ఓవెన్‌లోంచి బయటికి వచ్చాక వెంటనే కోయకూడదు. ఇరవై నిమిషాలకు తక్కువ కాకుండా మూతేసి పక్కన పెడితే లోపలి రసం కుదురుకుంటుంది, లేకపోతే కత్తి పెట్టగానే అదంతా పలక మీదికి కారిపోతుంది. ఆ ఇరవై నిమిషాల్లోనే ఓవెన్ వేడి పెంచి, నూనె పొగలు వచ్చేదాకా కాచి, గుడ్లూ పాలూ మైదా కలిపిన పిండిని అందులో పోసి పుడ్డింగు వేస్తారు. మధ్యలో తలుపు తెరిస్తే అది పొంగదు. పొంగినది బయటికి తీశాక ఐదారు నిమిషాలకు మించి నిలవదు. అంటే మాంసమూ, పుడ్డింగూ, దుంపలూ, రసమూ నాలుగూ ఒకే ముహూర్తానికి అందాలి, తినేవాళ్లు అప్పటికే బల్ల దగ్గర కూర్చుని ఉండాలి. ఇంగ్లండులో ఈ భోజనం ఆదివారానికి ముడిపడడానికి కారణం కూడా అదే. మాంసాన్ని సన్నటి సెగ మీద పెట్టి చర్చికి వెళ్లి, ప్రార్థన ముగించుకుని ఇంటిల్లిపాదీ ఒక్కసారే వచ్చి కూర్చునేవారు. మన కోనసీమ క్రైస్తవుల ఇళ్లలోనూ ఆరాధన నుంచి వచ్చాక ఆదివారం మాంసం కూర తినే అలవాటు ఉంది కదా, ఆ ఇళ్లవాళ్లకు ఈ మాట వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మన హోటలు ఏం చేస్తున్నదో చూద్దాం. మెనూ కార్డులో రోస్టు వారమంతా, పొద్దున పదకొండు నుంచి రాత్రి పదకొండు వరకు దొరుకుతుందని రాశారు. మూడోసారి నేను జనం లేని వేళ చూసి వెళ్లి, నా పాత వృత్తి చెప్పుకుని, వంటగది చూపించమని అడిగాను. హోటల్ మేనేజ్‌మెంట్ చదివిన కుర్రాడు, పని మీద ప్రేమ ఉన్నవాడు, ఏమీ దాచలేదు. ఆదివారం తప్ప మిగిలిన రోజుల్లో ఉదయమే తొడను కాల్చి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టి, ఆర్డరు వచ్చినప్పుడు కోసి, పైన రసం పోసి మైక్రోవేవ్‌లో వేడి చేస్తున్నారట. ‘నాకూ మనసొప్పదండి, కార్డులో ఉన్నది లేదనకూడదని ఓనరు గారి మాటండి’ అన్నాడు. ఉదయం ఒకసారి కాలిన మాంసాన్ని రాత్రి మళ్లీ వేడి చేస్తే మిగిలిన నాలుగు చుక్కల రసం కూడా ఆవిరైపోతుంది. మీ పత్రికలో మెచ్చుకుంటూ రాసిన గృహిణి ఆదివారం మధ్యాహ్నం వెళ్లానని తన ఉత్తరంలోనే రాశారు. రామచంద్రపురం పాఠకుడు ఆఫీసు అయ్యాక మిత్రులతో వెళ్లానన్నారు. ఇద్దరూ నిజమే రాశారు, తిన్నది వేర్వేరు భోజనాలు.

ఈ తేడా గోదావరి జిల్లాలవాళ్లకు కొత్తగా చెప్పాలా? పులస పులుసు వండిన రోజు కన్నా మర్నాడు బాగుంటుంది, దాన్ని ఎవరూ పొయ్యి దింపిన వెంటనే తినడానికి తొందరపడరు. అదే రొయ్యల వేపుడును మర్నాటికి దాచుకునేవాడు ఉండడు. రోస్టు వేపుడు జాతిది. కాని ఇంగ్లండు వంటల్లో పులుసు జాతివీ ఉన్నాయి, ఆ హోటలు కార్డులోనే ఉన్నాయి. లాంకషైర్ హాట్‌పాట్ అంటే గొర్రె మాంసం, ఉల్లిపాయలు వరసలుగా పేర్చి, పైన బంగాళాదుంప చక్రాలు కప్పి, గంటల తరబడి సన్నటి సెగ మీద మగ్గించేది. అది ఉదయం చేసి రాత్రి పెట్టినా చెడదు సరికదా, రుచి కుదురుకుంటుంది. నేను బుధవారం రాత్రి మా బావగారి చేత ఆ హాట్‌పాట్ తినిపించి ఉంటే నా పరువు దక్కేది.

ఇంకా చెప్పాలంటే, రోస్టు మిగిలిపోతే ఏం చేయాలో ఆ దేశపు ఇల్లాళ్లు ఎప్పుడో తేల్చేశారు. ఆదివారం మధ్యాహ్నం కాల్చిన మాంసం తింటారు, సోమవారం మిగిలినదాన్ని చల్లగానే పల్చగా కోసుకుని ఊరగాయతో తింటారు, ఆ తర్వాత రోజు మిగిలిన తునకలను కొట్టి కైమా చేసి, ఉల్లిపాయా రసమూ వేసి ఉడికించి, పైన మెదిపిన బంగాళాదుంప పరిచి ఓవెన్‌లో పెడతారు. ‘షెపర్డ్స్ పై’ అనే వంటకం పుట్టుక అదే. 1940 మార్చిలో అక్కడ మాంసానికి రేషను పెట్టారు, యుద్ధం 1945లో ముగిసినా మాంసం రేషను 1954 జూలై దాకా ఎత్తివేయలేదు. పద్నాలుగేళ్లు చాలీచాలని మాంసంతో వండుకున్న జాతికి బయటి దేశాల్లో చప్పిడి వంటల పేరు రావడానికి ఆ రోజులు చాలావరకు కారణం. అయితే మిగిలిన ముక్కను మళ్లీ రోస్టు పేరుతో బల్ల మీద పెట్టే అలవాటు ఆ కరువులోనూ వాళ్లకు లేదు. ఆ హోటలు యజమాని ఫ్రిజ్‌లోని తొడను మైక్రోవేవ్‌లో పెట్టించే బదులు కైమా కొట్టించి షెపర్డ్స్ పైలో వేయిస్తే ఆయనకు సరకు నష్టం ఉండదు, తినేవాళ్లకు రుచి నష్టం ఉండదు.

షెపర్డ్స్ పై మాట వచ్చింది గనుక కార్డు గురించి కూడా రాయాలి. ఇంగ్లండులో రోస్టు అనగానే ముందు గుర్తుకొచ్చే గొడ్డు మాంసాన్ని తాము వడ్డించబోమని కార్డు మొదటి పేజీలోనే స్పష్టంగా రాశారు, అది మెచ్చుకోవలసిన పద్ధతి. ఆ స్పష్టత లోపలి పేజీల్లో లేదు. షెపర్డ్ అంటే గొర్రెల కాపరి, అందులో ఉండవలసింది గొర్రె మాంసం. ఇక్కడ కొన్ని రోజులు కోడి కైమాతో చేసి అదే పేరుతో, అదే ధరకు పెడుతున్నారు. కోడి పిల్లలను కాచే కాపరిని నేనైతే ఎక్కడా చూడలేదు. మటన్ అని రాసిన చోట అది మేకో, గొర్రో చెప్పరు. మన కూరకు ఏదైనా నడుస్తుంది గాని, రోస్టుకు మేక తొడ పనికిరాదు, దాంట్లో కొవ్వు తక్కువ, త్వరగా పీచులా బిగుసుకుంటుంది.

గొర్రె అయినా మన పద్ధతిలో కొన్నది రోస్టుకు అంత సులువుగా లొంగదు. తెల్లవారుజామున కోసిన మాంసాన్ని పదింటికల్లా పొయ్యి ఎక్కించడం మన అలవాటు. చిన్న ముక్కలు కొట్టించి, అవసరమైతే పచ్చి బొప్పాయి ముక్క వేసి, కుక్కర్‌లో నాలుగు కూతలు ఎక్కువ వేయిస్తే దారికొస్తుంది. ఇంగ్లండు కసాయివాళ్లు గొర్రెను చలిగదిలో కొన్ని రోజులు వేలాడదీసి, కండ తనంతట తాను మెత్తబడ్డాకే అమ్ముతారు. ఆ సదుపాయం లేని చోట తొడను వదిలేసి భుజం తీసుకుని, తక్కువ వేడి మీద నాలుగైదు గంటలు ఉంచాలి. ఈ మాట ఆ కుర్రాడికి చెబితే కాగితం మీద రాసుకున్నాడు.

మాటల గందరగోళం కూడా కొంత ఉంది. గ్రేవీ అంటే మనవాళ్లకు జీడిపప్పు, టమాటా రుబ్బి వేసిన చిక్కటి మసాలా. వాళ్లకు అది మాంసం కాలిన ట్రేలో మిగిలిన రసాన్ని కాస్త పిండితో చిక్కబరిచినది. పుదీనా సాసులో పంచదార, వెనిగర్ ఉంటాయి, పుదీనా పచ్చడి అనుకుని గరిటెడు వేసుకున్నవాళ్లు ‘ఇదేంటి, మందు కలిపారా’ అనడంలో ఆశ్చర్యం లేదు. ఒక్కో వంటకం కింద రెండు వాక్యాల తెలుగు వివరణ అచ్చు వేయిస్తే సగం తగవులు తీరతాయి.

కారం సంగతికి వస్తాను. నేను ఊళ్లో అందరి కంటే ఎక్కువ కారం తినేవాణ్ని, కాబట్టి అడిగేవాళ్లను చులకన చేయను. అయితే ఆ పళ్లెంలో ఒక మూల చిన్న గిన్నెలో పసుపుపచ్చటి ముద్ద పెట్టారు, పక్క బల్ల కుర్రాళ్లు దాన్ని ముట్టుకోనే లేదు. అది ఇంగ్లండు ఆవ. అక్కడి నార్విచ్ ఊరి దగ్గర 1814లో మొదలైన కోల్మన్స్ కంపెనీ పేరు మీద ఇప్పటికీ అమ్ముడుపోయే ఆవపొడిని చన్నీళ్లతో కలిపి, పది నిమిషాలు ఊరనిస్తే తయారయ్యేది. ఆవపిండిలోని ఘాటు నీళ్లు తగిలితేనే పుడుతుంది, వేడి తగిలితే చచ్చిపోతుంది. పనసపొట్టు కూరను పొయ్యి మీంచి దింపాకే ఆవ ఎందుకు పెడతారో మన అమ్మలకు తెలిసిన కిటుకు అదే. మొదటిసారి వెళ్లినప్పుడు నా భార్య మాంసం ముక్క అంచుకు గోరంత ఆవ రాసుకుని తిని, కళ్లల్లో నీళ్లు తిరిగితే నవ్వుతూ, ‘ఇది మా పుట్టింటి పనసపొట్టు ఘాటే నండీ’ అంది. నడినెత్తికి ఎక్కే ఘాటు పళ్లెంలో పెట్టుకుని కారం లేదనడం ఏం న్యాయం? సర్వరు ఆ గిన్నె ఏమిటో ఒక్క మాట చెప్పకపోవడం అంతకంటే పెద్ద తప్పు.

బిల్లులో మాత్రం ఒక అభ్యంతరం ఉంది. జీఎస్టీ గాక పది శాతం సర్వీస్ చార్జి అడగకుండానే కలిపారు. అలా కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఆ మాట చెప్పగానే కౌంటర్లో ఉన్నాయన మారు మాట్లాడకుండా తీసేశారు. అడిగినవాళ్లకే తీసేయడం ఎందుకో, ముందే కలపకుండా ఉండొచ్చు కదా.

హోటలు పేరు నేను కావాలనే రాయలేదు. మన వైపు బిర్యానీ, మండీ తప్ప వేరొకటి పెట్టడానికి సాహసించిన మొదటి ఏడాదే ఒక వ్యాపారాన్ని ఉత్తరాలతో ముంచేయడం నా ఉద్దేశం కాదు. రోస్టును ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండున్నర వరకు మాత్రమే, ముందుగా చెప్పినవాళ్లకే వడ్డిస్తామని బోర్డు పెట్టమనీ, మిగతా రోజుల్లో హాట్‌పాట్, షెపర్డ్స్ పై లాంటివి పెట్టమనీ యజమానికి చెప్పి వచ్చాను. ఆలోచిస్తానన్నారు. రాసే పాఠకులకు నాదొక విన్నపం, ఏ రోజు, ఏ వేళకు తిన్నారో కూడా ఇకమీదట ఉత్తరంలో రాయండి.

వచ్చే ఆదివారం ఒంటిగంటకు నలుగురికి బల్ల చెప్పి ఉంచాను. మా బావగారు కూడా వస్తానన్నారు, అయితే జేబులో చిన్న సీసాతో ఆవకాయ తెచ్చుకుంటానని ముందే షరతు పెట్టారు.

ఇట్లు,
మీ పాఠకుడు, ఓడ మీద పనిచేసి రిటైరైన వంటవాడు,
తాళ్లరేవు